శుద్ధరాత్రి, దూత పాట పాడుడీ: క్రిస్మస్ ఆరాధనలో ఏది ఎక్కడ?

మన కీర్తనల పుస్తకంలోని ఈ రెండు పాటలూ పుట్టిన తీరే వేరు. శుద్ధరాత్రి (సైలెంట్ నైట్) మాటలు జోసెఫ్ మోర్ అనే పాదిరి 1816లో రాశారు. ఆస్ట్రియాలోని ఓబర్న్‌డార్ఫ్‌లో 1818 డిసెంబరు 24న బడిపంతులు ఫ్రాంజ్ గ్రూబర్ వాటికి రాగం కట్టారు. రెండు గొంతులు, ఒక గిటార్, చిన్న గాయకబృందం, అంతే. దూత పాట (హార్క్ ద హెరాల్డ్) మాటలు ఇంగ్లీషు కీర్తనకారుడు చార్లెస్ వెస్లీవి (1739). రాగం మాత్రం జర్మన్ స్వరకర్త మెండెల్సన్ 1840లో అచ్చు యంత్రం ఉత్సవానికి కట్టింది. ఇంగ్లీషు సంగీతకారుడు కమింగ్స్ 1855లో రెంటినీ జతచేశారు.

నెమ్మదిగా ఉంది కదా అని శుద్ధరాత్రి తేలిక అనుకుంటారు. నిజానికి కష్టం దానిదే. రాగం పదకొండు స్వరాల మేర పరుచుకుంది: చివరి ముందు పాదంలో అత్యంత పైస్వరం, ఆఖరి మాటకు అత్యంత కిందిస్వరం. గ్రూబర్ వాడిన డి మేజర్ శ్రుతిలో సంఘం పైకి అందుకోలేదు. అంతకంటే కిందిదైన బి ఫ్లాట్‌లో ఎత్తుకోండి. ఒక్కో తాళ ఆవృత్తిని (బార్‌ను) ఆరు లెక్కలుగా కొడితే పాట ఈడ్చుకుపోయి శ్రుతి దిగుతుంది. బార్‌కు రెండే దెబ్బలు లెక్కపెట్టాలి.

దూత పాట తొమ్మిది స్వరాల్లోనే ఉంటుంది, ఎఫ్ మేజర్ చాలు. పల్లవి మొదట్లోనే పైస్వరం మూడుసార్లు వస్తుంది కాబట్టి దాని ముందు ఊపిరి నింపుకోవాలి.

ప్రవేశ ఊరేగింపుకు దూత పాట, కొవ్వొత్తుల వేళ వాద్యాలు ఆపేసి శుద్ధరాత్రి.