నాన్నగారి వెడల్పు టైలు సన్నం చేసి కట్టుకుంటున్నాను: వాడాక తేలిన సంగతులు

నాన్నగారు 1990లలో కట్టుకున్న పట్టు టైలు నా వాటాకి వచ్చాయి. గుడ్డ దిట్టంగా ఉంది, రంగు దిగలేదు. కానీ కింద కొలిస్తే 4 అంగుళాల వెడల్పు. నా కోటు కాలర్ మడతలు సన్నం, వాటి మధ్య ఆ టై ఛాతీని సగం కప్పేస్తుంది. నేను మెడికల్ రెప్‌ని, రోజూ టై కట్టాల్సిందే. అందుకని వాటిని ఇంట్లోనే 2¾ అంగుళాలకి తగ్గించాం. రెండు మూడేళ్లుగా హైదరాబాద్ ఎండలో, వానలో, బండి మీద తిరుగుతూ అవే కడుతున్నాను. పట్టు టై అయితే ఈ శ్రమ పడండి, పాలిస్టర్ అయితే వద్దు. పాలిస్టర్ కొత్త మడతని పట్టుకోదు, ఇస్త్రీ వేడి కాస్త ఎక్కువైతే మెరుపు మచ్చ పడుతుంది.

ముందు టై ఎలా తయారవుతుందో తెలియాలి. క్రాస్ కట్ చేసిన, అంటే గుడ్డని ఏటవాలుగా కత్తిరించిన, మూడు ముక్కలు కలిపి కుడతారు. 1920లలో న్యూయార్క్‌లో టైలు తయారుచేసే జెస్సీ లాంగ్స్‌డార్ఫ్ పేటెంట్ తీసుకున్న పద్ధతి ఇది. క్రాస్ కట్ జాకెట్టు ఒంటికి సర్దుకున్నట్టే, టై కూడా ముడి వేసేటప్పుడు సాగి, విప్పాక మళ్లీ సర్దుకుంటుంది. దానితోపాటు వెనక కుట్టూ సాగాలి కాబట్టి, మంచి టైకి ఆ కుట్టు చేత్తో, పొడుగ్గా, వదులుగా వేస్తారు. చివర కాస్త దారం మిగిలిస్తారు. మా వీధిలో ఒక టైలర్‌కి ఒక టై ఇస్తే మిషన్ మీద బిగించి కుట్టేశాడు. కట్టుకున్న మొదటి వారంలోనే అంచు ముడతలు పడి మెలితిరిగింది.

తర్వాత మా పిన్ని చేతికి వెళ్లాయి. ఆవిడ పట్టుచీరలకి ఫాల్ కుడుతుంది. "ఫాల్ కుట్టినట్టే కుడతాను గానీ దారం లాగను రా, ఊరికే పట్టి ఉంచుతాను" అంది. దారం, సన్న సూదులు సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో తెచ్చాను.

అసలు పనంతా లోపలి క్యాన్వాస్‌లో, అంటే టైకి ఆకారం నిలిపే దళసరి గుడ్డలో ఉంది. పట్టుని ఊరికే లోపలికి మడిచి కుట్టేస్తే లోపల పాత క్యాన్వాస్ ముద్దకట్టి, టై బల్లలా నిలబడుతుంది. వెనక కుట్టు విప్పాలి, క్యాన్వాస్ బయటికి తియ్యాలి, కొత్త వెడల్పుకి అట్టముక్క కత్తిరించి క్యాన్వాస్ మీద పెట్టి గీసి కత్తిరించాలి. రెండు పక్కలా సమానంగా, ఒక్కో పక్క అర అంగుళం పైచిలుకు పోతుంది. మెడ వైపు వెళ్లేకొద్దీ తగ్గించుకుంటూ పాత వెడల్పులో కలిపేయాలి, హఠాత్తుగా సన్నబడితే ముడి దగ్గర మెట్టులా కనిపిస్తుంది. కొసన లైనింగ్ విప్పక్కర్లేదు. కోణం అలాగే ఉంటుంది, పక్కలు మాత్రం పొట్టివవుతాయి. వెనక పట్టు అంచులు ఒకదాని మీద ఒకటి ఎక్కడానికి అర అంగుళం ఉంచి, మిగతా పట్టు కత్తిరించాలి.

వెనక ఉండే సన్నకొసనీ వదిలేయకూడదు. ముందుది 2¾ అయ్యాక వెనకది 2 అంగుళాలుంటే పక్కనుంచి తొంగిచూస్తుంది. ఒకటిన్నరకి దించాం. అది దూర్చే పట్టీని కూడా విప్పి, కురచ చేసి కుట్టాలి.

వాడగా వాడగా నాకు బాగా నచ్చింది ఒకటుంది. పాత టైలు అరిగేది అంచు మడత దగ్గరే. సన్నం చేస్తే ఆ అరిగిన గీత వెనక్కి పోయి, ముందువైపు అరగని పట్టు అంచుకి వస్తుంది. నాన్నగారి నీలం టై ముందు నుంచి చూస్తే కొత్తదే అనుకుంటారు. కుట్లు ఇప్పటికీ ఊడలేదు. ముడిని లాగేయకుండా, కట్టిన క్రమం తిరగేసి విప్పుతాను.

నచ్చనివీ ఉన్నాయి. ముడి చిన్నదవుతుంది, వెడల్పు కాలర్ చొక్కా మీద బోసిగా ఉంటుంది. ఆ చొక్కాలకి హాఫ్ విండ్సర్ అనే కాస్త లావు ముడి వేస్తున్నాను. పెద్ద మామిడిపిందెల డిజైన్ అయితే పిందెలు సగానికి తెగి వికారంగా కనిపిస్తాయి. చారలకీ చుక్కలకీ ఆ ఇబ్బంది లేదు. అల్లిక టైల జోలికి వెళ్లొద్దు, కత్తెర పడితే అల్లికే ఊడిపోతుంది. కాస్త భారీ మనిషైతే 2¾ కంటే దించకండి, టై తాడులా కనిపిస్తుంది.

డ్రై క్లీనింగ్‌కి ఇచ్చేటప్పుడు ఇస్త్రీ వద్దని గట్టిగా చెబుతాను. బరువు పెట్టి రుద్దితే గుండ్రంగా ఉండాల్సిన అంచు కాగితం మడతలా అయిపోతుంది. ఇంటికి తెచ్చాక తడి నూలుగుడ్డ పైన పరిచి, ఇస్త్రీపెట్టెని ఆనించకుండా ఆవిరి మాత్రం పట్టి, వేలాడదీస్తాను.