గొడవపడని మొగుడూ పెళ్లాలు, నాలుగున్నర గంటలు: ఈ బ్లూరే సెట్ కొనొచ్చా?

స్వీడిష్ దర్శకుడు ఇంగ్మార్ బెర్గ్‌మన్ తీసిన 'సీన్స్ ఫ్రమ్ ఎ మ్యారేజ్', క్రైటీరియన్ అనే అమెరికా కంపెనీ వేసిన బ్లూరే సెట్ గురించి రాస్తున్నా. కొనొచ్చు. కాకపోతే ఇందులో రెండు వెర్షన్లున్నాయి, కొంటే పొడుగుదాని కోసం కొనండి. 1973లో ఇది స్వీడిష్ టీవీలో ఆరు భాగాలుగా వచ్చింది, అన్నీ కలిపితే నాలుగున్నర గంటలు దాటుతుంది, తర్వాత థియేటర్ల కోసం మూడు గంటల లోపుకి కుదించారు. ఆ చిన్నది మాత్రమే చూసినవాళ్లకి ఇదేదో భార్యాభర్తలు అరుచుకునే సినిమాగానే గుర్తుండిపోతుంది. అరుపులున్నాయి, ఐదో భాగంలో ఏకంగా కొట్టుకుంటారు కూడా. కానీ అంతకుముందు పదేళ్లు ఒక్క గట్టి మాట లేకుండా ఎలా నెట్టుకొచ్చారు అన్నదే నన్ను పట్టి కూర్చోబెట్టింది, అది ఎక్కాలంటే తీరిగ్గా సాగే టీవీ వెర్షనే కావాలి.

మొదటి భాగం ఒక పత్రిక ఇంటర్వ్యూతో మొదలవుతుంది. మీ గురించి చెప్పండి అంటే భర్త యోహాన్ తన గొప్పలు ఏకరువు పెడతాడు. భార్య మారియన్ మాత్రం నాకు పెళ్లయింది, ఇద్దరు ఆడపిల్లలు అని ఆగిపోతుంది. విడాకుల కేసులు చూసే లాయరు ఆవిడ! ఆ తర్వాత వీళ్లింటికి భోజనానికి వచ్చిన స్నేహితుల జంట ఒకరినొకరు నానా మాటలూ అనుకుంటుంటే వీళ్లిద్దరూ బిక్కమొహాలేసుకుని చూస్తారు, వాళ్లు వెళ్లాక మనం అలా కాదులే అన్న నిశ్చింత ఇద్దరి మొహాల్లో కనిపిస్తుంది. నాకైతే ఆ కొట్లాట కన్నా ఈ నిశ్చింతే ఎక్కువ భయపెట్టింది.

రెండో భాగం పేరే 'చెత్తని తివాచీ కిందకి ఊడ్చేసే కళ'. ఆదివారం మారియన్ వాళ్లమ్మ ఇంట్లో భోజనానికి ఈసారి వెళ్లొద్దు అనుకుంటారు, మారియన్ ఫోన్ చేస్తుంది, అమ్మతో మాట్లాడుతూ మాట్లాడుతూ సరే వస్తాం అని పెట్టేస్తుంది. అంతే సీను, కథలో దానివల్ల జరిగేదేమీ లేదు. అయినా ఎదుటివాళ్లు నొచ్చుకుంటారేమోనని 'కాదు' అనలేకపోవడం ఎలా ఉంటుందో ఇంత చిన్న సీనులో ఇంత బాగా చూపించింది నేను వేరే ఎక్కడా చూడలేదు. అదే భాగంలో యాకోబీ అనే పెద్దావిడ విడాకుల కోసం మారియన్ ఆఫీసుకి వస్తుంది. భర్త మంచివాడే, చెప్పుకోడానికి ఫిర్యాదు ఏమీ లేదు, ప్రేమ లేదు, అంతే. పిల్లలు పెద్దయ్యేదాకా ఆగానంటుంది. ఎదురుగా కూర్చున్న లాయరు మొహం చూడండి అప్పుడు, మారియన్‌గా వేసిన లివ్ ఉల్‌మన్ ఒక్క మాట అనకుండానే ఆ కాసేపు మొత్తం లాగేస్తుంది.

మూడో భాగం పేరు 'పౌలా', కానీ ఆ పౌలా అనే అమ్మాయి తెర మీద ఒక్కసారి కూడా కనిపించదు. యోహాన్ వచ్చి, ఇంకొకామెని ప్రేమిస్తున్నా, పొద్దున్నే వెళ్లిపోతున్నా అంటాడు. మారియన్ ఏం చేస్తుంది? అతని సామాను సర్దిపెడుతుంది! నిలదీయడం చేతకాని మనిషి చేతులకి పని చెప్పుకోవడం ఇది. అతను వెళ్లాక ఓ స్నేహితుడికి ఫోన్ చేస్తే సంగతి వాళ్లకి ముందే తెలుసని బయటపడుతుంది.

డిస్క్ సంగతికొస్తే, తీసింది 16 ఎంఎం ఫిల్మ్ మీద కాబట్టి బొమ్మలో గరుకుదనం ఉంటుంది, టీవీ కోసం తీశారు కాబట్టి తెరకి రెండు పక్కలా నల్ల పట్టీలు వస్తాయి, టీవీ సెట్టింగుల్లో సాగదీసి చూశారంటే మాత్రం పాపం. ఛాయాగ్రాహకుడు స్వెన్ నిక్విస్ట్ కెమెరా మొహాలకి అంటుకునే ఉంటుంది. ఒకే ఫ్రేములో రెండు తలలు, మధ్యలో బోలెడంత దూరం. ఇక్కడ బాధపడండి అని చెప్పే బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ కూడా దాదాపు లేదు. మాటలేమో స్వీడిష్, సబ్‌టైటిల్స్ ఇంగ్లీషు, డైలాగులు కుప్పలు తెప్పలు, ఒక చేత్తో ఫోన్ చూసుకుంటూ చూసే సరుకు కాదు. అమెరికా డిస్క్ రీజియన్ 'ఎ'ది, అంటే ఆ ప్రాంతపు ప్లేయర్లలో ఆడేలా తాళం వేసింది, మీ ప్లేయర్‌లో ఆడుతుందో లేదో ముందే కనుక్కోండి.

నాకు నచ్చనిది పిల్లల విషయం. ఇద్దరు కూతుళ్లు పేరుకే ఉన్నారు, మొదట్లో కనిపించి మాయమైపోతారు. గొడవలు దాచుకునే ఇంట్లో అందరికన్నా ముందు పసిగట్టేది పిల్లలే కదా, బెర్గ్‌మన్ ఆ వైపు చూడనే లేదు. నాలుగో భాగం కూడా కాస్త సాగింది.

ఈ సీరియల్ చూసి స్వీడన్‌లో జనం విడాకులకి ఎగబడ్డారని ఓ కథ తిరుగుతుంటుంది. 1974 జనవరి నుంచి అక్కడ విడాకుల చట్టమే సులువైపోయింది, ఆ క్రెడిట్ అంతా సినిమాకి ఇవ్వక్కర్లేదు.

ఆరు భాగాలూ ఒక్క రోజులో లాగించేయకండి, రోజుకొకటి చాలు. ప్రతి భాగం చివర ఫోరో దీవి దృశ్యాలు చూపిస్తూ బెర్గ్‌మన్ తన గొంతుతోనే పేర్లు చదువుతాడు, అది స్కిప్ చేయొద్దు, ఊపిరి పీల్చుకోడానికి పనికొస్తుంది. రెండు వెర్షన్లనీ పోల్చి చెప్పే, బెర్గ్‌మన్ సినిమాల మీద పరిశోధన చేసిన పీటర్ కోవీ ఇంటర్వ్యూ ఉంది, అది ఆఖర్న చూడండి, ముందు చూస్తే కథంతా తెలిసిపోతుంది. 2021లో హెచ్‌బీవో తీసిన కొత్త వెర్షన్‌లో ఇల్లు వదిలి వెళ్లేది భార్య. అది ఈ సెట్‌లో రాదు, విడిగా వెతుక్కోవాలి.