నాలుగేళ్లు వాడాక మా అపార్ట్‌మెంట్ కంపోస్టు తొట్ల గురించి

మా అపార్ట్‌మెంట్ వెనక ప్రహరీ గోడ పక్కన మూడు చెక్క తొట్లు పెట్టుకుని నాలుగేళ్లు దాటింది. ఆరు ఇళ్లతో మొదలుపెట్టాం, ఇప్పుడు పద్నాలుగు ఇళ్ల తడి చెత్త అందులోకే వెళ్తోంది. మేం మొదలుపెట్టే ముందు ఇలాంటి వాటి మీద దొరికిన ప్రతి రివ్యూ చదివాను. దాదాపు అన్నీ మొదటి నెల ఉత్సాహంలో రాసినవే, ఈగలు ముసిరినప్పుడు ఏం చేశారో, మొదలుపెట్టిన మనిషి ఇల్లు మారిపోయాక ఏమైందో ఎవరూ రాయలేదు. అందుకే నేను ఇన్నాళ్లు ఆగి రాస్తున్నాను.

ముందే చెప్పేస్తున్నా, పెట్టుకోండి. కాకపోతే ఏ కంపెనీ డబ్బా కొనాలా అని నెలల తరబడి ఆలోచించకండి, పాత చెక్క పలకలతో కొట్టించుకున్న మా తొట్లు ఇప్పటికీ బాగానే ఉన్నాయి. పొడవు, వెడల్పు, ఎత్తు తలా ఒక మీటరు ఉంటే చాలు. అంతకన్నా బాగా చిన్నదైతే లోపల వేడి నిలవదు. అసలు కావాల్సింది ఎండుటాకులు, ఆదివారం పొద్దున గంటసేపు వచ్చే మనుషులు. నాలుగేళ్లలో మాకు రెండుసార్లు పెద్ద దెబ్బ తగిలింది. ఒకసారి ఆకులు అయిపోయి, ఒకసారి మనుషులు తగ్గిపోయి.

మొదటిది మూడో నెలలోనే. మేం పదిహేను బస్తాల ఆకులు పోగేసి బోలెడు ఉన్నాయనుకున్నాం. ఆకులు రాలేది ఏడాదిలో కొన్నాళ్లే కదా, ఆ తర్వాత ఎక్కడ తేవాలో తెలియక బకెట్టు తొక్కలకి గుప్పెడు ఆకులు చల్లడం మొదలుపెట్టాం. పది రోజుల్లో తొట్టి అడుగున నల్లటి నీళ్లు, పైన ఈగలు, మూత తీస్తే మురిగిన గుడ్ల వాసన. తొట్లకి దగ్గరగా కింది ఇంట్లో ఉండే అమ్మమ్మగారు వచ్చి, "మీరు చేసేది మంచి పనే అమ్మా, కానీ నా కిటికీ కూడా తెరుచుకోవాలి కదా" అన్నారు. ఆవిడ అన్నదాంట్లో తప్పేమీ లేదు. ఆ రోజు నుంచి ఆ కిటికీకి వాసన రాకపోతేనే మా పని సరిగ్గా నడుస్తున్నట్టు అని పెట్టుకున్నాం.

జరిగిందేమిటంటే, చెత్తని ఎరువు చేసే సూక్ష్మజీవులకి ఒక వంతు నైట్రోజన్‌కి 25 నుంచి 30 వంతుల కార్బన్ కావాలి. వంటింటి తొక్కల్లో నైట్రోజన్ ఎక్కువ, ఎండుటాకుల్లో, అట్టముక్కల్లో కార్బన్ ఎక్కువ. ఆకులు తగ్గేసరికి తడి పెరిగి, గాలి ఆడక, గాలి అక్కర్లేని రకం సూక్ష్మజీవులు పెరిగిపోయాయి. ఆ వాసన వాటిదే. చెత్తకుప్పల్లో మీథేన్ పుట్టేదీ ఇలా గాలి అందకే, అది వందేళ్ల లెక్కన చూస్తే బొగ్గుపులుసు వాయువు కన్నా ఇరవై ఏడు రెట్లకు పైగా భూమిని వేడెక్కిస్తుంది. కాబట్టి కంపోస్టు పేరుతో మనమే ఒక చిన్న చెత్తకుప్పని పెంచుతున్నామేమో చూసుకోవాలి. ఇప్పుడు మా లెక్క ఒక్కటే, బకెట్టు తడి చెత్తకి రెండున్నర బకెట్ల ఆకులు, మినహాయింపుల్లేవు. వారానికోసారి పారతో తిరగేస్తాం. గుప్పెడు తీసి గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, ధారగా కారితే ఆకులు కలపాలి, అసలేమీ రాకపోతే కాసిని నీళ్లు చల్లాలి.

ఆకుల్ని కాళ్లతో తొక్కి నలిపి వైరు మెష్‌తో చేసిన బోనులో వేస్తే మూడో వంతు చోటే పడుతుంది, ఇది మేం రెండో ఏడాది కనిపెట్టాం. దగ్గర్లో పార్కు ఊడ్చేవాళ్లు ఆకుల్ని కుప్పేసి తగలబెడుతుంటే వెళ్లి మాట్లాడాం, ఇప్పుడు మా కోసం పక్కన పెడుతున్నారు. పద్నాలుగు ఇళ్లకి నెలకి దాదాపు పది బస్తాలు పడతాయి.

పొడుగాటి పుల్ల థర్మామీటరు ఒకటి తప్పకుండా కొనుక్కోండి. చలికాలం పొద్దున్నే మూత తీస్తే పొగలు వస్తాయి, థర్మామీటరు గుచ్చితే 62 డిగ్రీలు. మొదటిసారి చూసినప్పుడు మా పిల్లలు అందరినీ పిలుచుకొచ్చారు. కనీసం మూడు రోజులు 55 దాటి ఉంటే రోగాలు తెచ్చే క్రిములు, కలుపు గింజలు చచ్చిపోతాయి. 70 దాటితే మంచి సూక్ష్మజీవులూ పోతాయి, అందుకే 65 రాగానే తిరగేస్తాం.

ఒక విషయంలో మాత్రం జాగ్రత్త. "కంపోస్టబుల్" అని ముద్ర వేసిన సంచుల్ని మేం నమ్మి వేశాం. ఐదు నెలల తర్వాత జల్లెడ పడుతుంటే సంచి సంచిలాగే బయటికొచ్చింది, మీద అక్షరాలు కూడా చదవొచ్చు. ఇలాంటి సంచులకి ఐరోపాలో ఈఎన్ 13432 అనే ప్రమాణం ఉంది, అందులోని పరీక్షలు పెద్ద కంపోస్టు ప్లాంట్లలో ఉండే పరిస్థితులకి తగ్గట్టు పెట్టినవి. ఇళ్ల మధ్య తొట్లకి ఆ ముద్ర ఏ హామీ ఇవ్వదు. ఇప్పుడు మా తొట్టిలోకి ఏ సంచీ వెళ్లదు.

ఇక మనుషుల సంగతి. రెండో ఏడాది వేసవిలో, అన్నీ తెలిసిన ఒకాయన ఉద్యోగం మారి వెళ్లిపోయారు. అప్పుడు తెలిసింది మిగతావాళ్లం ఆయన చెప్పింది చెయ్యడమే తప్ప ఏదీ నేర్చుకోలేదని. ఆరు వారాలు తొట్లు అలాగే పడున్నాయి. తర్వాత కూర్చుని మాట్లాడుకుని తొట్టి పక్కన మేకుకి ఒక నోట్‌బుక్ వేలాడదీశాం, ఆదివారానికి ఇద్దరు చొప్పున వంతులేసుకున్నాం, అంటే ఒక్కో ఇంటికి ఏడు వారాలకోసారి వస్తుంది. ఉమ్మడి వనరుల మీద చేసిన పనికి 2009లో అర్థశాస్త్రంలో నోబెల్ అందుకున్న ఎలినార్ ఆస్ట్రామ్ గురించి ఒక అమ్మాయి చెప్పింది. పచ్చిక బయళ్లు, సాగునీటి కాలవలు ఉమ్మడిగా వాడుకునేవాళ్లు తమ నియమాలు తామే పెట్టుకుని, తప్పు చేసినవాళ్లకి మొదట చిన్న శిక్షే వేస్తూ తరాల తరబడి కాపాడుకున్నారని ఆవిడ చూపించారట. మేమూ అదే పెట్టుకున్నాం. ప్లాస్టిక్ కలిపి వేస్తే మొదటిసారి నోట్‌బుక్‌లో రాస్తాం, రెండోసారి ఇంటికెళ్లి చెప్తాం, మూడోసారి నెలపాటు తొట్టి తాళం ఇవ్వం. ఇన్నాళ్లలో మూడోసారి దాకా వెళ్లింది ఒక్క ఇల్లే, వాళ్లే ఇప్పుడు అందరికన్నా శుభ్రంగా వేరుచేస్తున్నారు.

కంపోస్టు ఉంది కదా అని అన్నం పారెయ్యడం మాత్రం సరికాదు. 2022లో ప్రపంచంలో 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయిందని, అందులో అరవై శాతం ఇళ్లలోనేనని ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024 నివేదికలో ఉంది. నలుగురి ముందు నా బకెట్టు నేనే ఖాళీ చేస్తుంటే వారానికి ఎంత పారేస్తున్నానో కళ్లకి కట్టింది. రోజూ నిండే బకెట్టు ఇప్పుడు రెండు రోజులకి గానీ నిండటం లేదు, నాకు అన్నిటికన్నా పెద్ద లాభం ఇదే అనిపిస్తుంది.

నాలుగు నెలలకి చివికిన ఎరువు చేతిలోకి తీసుకుంటే తొలకరి వాన పడ్డ మట్టి వాసన వస్తుంది. చెత్త వాసన ఏ మూలా ఉండదు. ఇంకో ఐదు ఇళ్లు చేరతామంటున్నాయి, నాలుగో తొట్టికి చోటు పార్కింగ్ దగ్గరే ఉంది, దాని మీద ఇంకా మాటలు నడుస్తున్నాయి.

పోయిన ఆదివారం నోట్‌బుక్‌లో రాసింది: "రెండో తొట్టి 58 డిగ్రీలు. తడి సరిపోయింది. ఆకులు మూడు బస్తాలే ఉన్నాయి." ఈ వారం వంతు నాదే, శనివారం సాయంత్రం బస్తాలు పట్టుకుని పార్కుకి వెళ్లాలి.