లాక్‌టైట్ 243: హెలికాప్టర్ ఇంజిన్ బోల్టులకు రెండేళ్లు వాడాక

ముందే చెప్పేస్తున్నాను, కొనండి. నైట్రో ఇంజిన్ (నైట్రోమీథేన్ కలిసిన ఇంధనంతో నడిచేది) ఉన్న రిమోట్ హెలికాప్టర్ ఎగరేసేవాళ్లు పొలానికి బయల్దేరే ముందు ఇంజిన్‌లో ఇంధనాన్ని మండించే గ్లో ప్లగ్గు ఉందో లేదో చూసుకుంటారు కదా, బోల్టు వదులు కాకుండా పూసే ఈ నీలం జిగురు కూడా ఉందో లేదో అలాగే చూసుకోవాలి. మాది నల్లగొండ, మెషీను 50 సైజు (అది ఇంజిన్ సైజు), పానగల్లు దాటాక కోతలైపోయిన మళ్లలో నేనూ మా బావమరిదీ ఆదివారాలు ఎగరేస్తాం. మా దగ్గర ఎండ ఎట్లుంటుందో తెలిసిందే, మే నెలలో 44, 45 డిగ్రీలు, దానికి ఇంజిన్ వేడి తోడు, ఆ రెంటినీ మించింది వణుకు.

ఈ వణుకు సంగతి తెలిస్తేగానీ జిగురు విలువ తెలియదు. గాల్లో ఉన్నప్పుడు ఈ ఇంజిన్ నిమిషానికి 16 వేల చుట్లు ఆ చుట్టుపక్కల తిరుగుతుంది. అంటే సెకనుకు 260కి పైగా దెబ్బలు, అన్నీ ఇంజిన్‌ను మౌంటుకు (ఇంజిన్ కూర్చునే దిమ్మకు) పట్టి ఉంచిన నాలుగు బోల్టుల మీదే. బిగించిన బోల్టు కంటికి కనపడనంత సాగి ఉంటుంది, ఆ లాగుడుతోనే రెండు ముక్కల్ని కలిపి పట్టుకుంటుంది. పక్క నుంచి కుదుపు వచ్చినప్పుడు బోల్టు మరల (థ్రెడ్ల) మధ్య పట్టు ఒక్క క్షణం జారుతుంది, ఆ క్షణంలో బోల్టు వెంట్రుకవాసి వెనక్కి తిరుగుతుంది. గెర్హార్డ్ యుంకర్ అనే జర్మన్ ఇంజనీరు దీన్ని యంత్రం పెట్టి చూపించింది 1969లో. మనం ఎంతో నమ్మకంతో వేసే స్ప్రింగ్ వాషర్ ఈ పక్క కుదుపును ఆపలేదు. మరి గట్టిగా బిగిస్తే సరిపోదా అంటే, మౌంటు అల్యూమినియం, ఇంకొంచెం బలం పెడితే లోపల థ్రెడ్లే పోతాయి.

నేను ఇది నష్టపోయి తెలుసుకున్నాను. రెండేళ్ల కింద, మే నెల, పొద్దున ఏడు కూడా కాలేదు. హోవర్‌లో (గాల్లో ఒకేచోట నిలిపి) పెట్టాను, రెండో ట్యాంకు. ఉన్నట్టుండి శబ్దం మారింది, సన్నగా కీచుమన్నట్టు, తోక రెక్క దగ్గర మసక మసకగా వణుకు. బావమరిది ట్యాంకు వైపు చూపించి "బావా, నురుగొస్తుంది, దించెయ్" అన్నాడు. వణుకు ఎక్కువైతే ట్యాంకులో ఇంధనం నురుగు కడుతుంది, ఆ బుడగలు ఇంజిన్‌లోకి పోతే ఇంధనం చాలక వేడెక్కుతుంది. వెంటనే దించేశాను. ముందున్న కప్పు (కేనోపీ) తీసి చూస్తే నాలుగు బోల్టుల్లో ఒకటి లేనే లేదు, ఇంకొకటి వేలితో తిరుగుతోంది. మౌంటు చుట్టూ కాటుకలా నల్లటి మడ్డి. అది మురికి కాదు, రెండు అల్యూమినియం ముక్కలు రుద్దుకుని రాలిన పొడి నూనెలో కలిసి అట్లా అవుతుంది. మీ మెషీనులో ఎక్కడైనా ఆ నలుపు కనిపిస్తే అక్కడ బోల్టు వదులైందనే లెక్క, ఇంకో ట్యాంకు ఎగరేసి చూద్దాం అనుకోకండి. ఇంజిన్ కొంచెం పక్కకు జరగడంతో పినియన్ (ఇంజిన్ వైపు ఉండే చిన్న గేరు) కూర్చునే తీరు మారి మెయిన్ గేరు పళ్లు నాలుగు అరిగిపోయాయి. గేరు హైదరాబాద్‌లో కూడా దొరకలేదు, తెప్పించుకునేసరికి నెల.

ఆ తర్వాతే ఈ సీసా కొన్నాను, ప్రకాశం బజార్ వైపు ఒక బేరింగుల షాపులో. ఇంటికొచ్చి ఎత్తి చూస్తే సగమే ఉంది. తిరిగి పోయి అడిగితే షాపాయన "అన్నా, కంపెనీ నుంచే గట్ల వస్తది, నిండుగ ఉండదు" అన్నాడు. ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ఈ జిగురు గాలి తగిలినంతసేపూ ద్రవంగానే ఉంటుంది, గాలి ఆడని చోట లోహం తగిలితేనే గట్టిపడుతుంది. అందుకే సీసాలో సగం గాలి వదులుతారు, సీసా కూడా గాలి లోపలికి చొరబడే ప్లాస్టిక్‌తోనే చేస్తారు. ఈ రకం జిగురును తయారుచేసింది అమెరికాలో హార్ట్‌ఫర్డ్‌లోని ట్రినిటీ కాలేజీ కెమిస్ట్రీ ప్రొఫెసర్ వెర్నన్ క్రీబుల్, 1953లో. నేను చదివి తెలుసుకున్న రోజు ఆ సీసాను కాసేపు చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను, గాలినే మూతగా వాడుకున్న ఆలోచన అంత నచ్చింది.

వాడే పద్ధతిలోనే అంతా ఉంది. మన ఇంధనంలో మిథనాల్, నైట్రోమీథేన్‌తో పాటు ఆముదం కలిసిన నూనె ఉంటుంది (ఆముదం మన పాలమూరు, నల్లగొండ చేలకు కొత్త కాదు, దాని జిడ్డు ఎంత మొండిదో ఇక్కడ చెప్పక్కర్లేదు). మిథనాల్ ఎగిరిపోతుంది, ఆ నూనె మరల్లో కూర్చుంటుంది. 243 కొద్దిపాటి నూనెను తట్టుకుంటుంది, పాత 242 కంటే దీన్ని ఎంచుకున్నది అందుకే, అయినా నేను ఆ ధైర్యంతో ఉండను. బోల్టునూ రంధ్రాన్నీ అసిటోన్‌తో కడిగి, ఇయర్‌బడ్ లోపల తిప్పి, అది తెల్లగా బయటికి వచ్చేదాకా తుడుస్తాను. తర్వాత ఒక చిన్న చుక్క, ఆవగింజంత, బోల్టు చివరి నాలుగైదు మరల మీద. సీసా మూతి బోల్టుకు తగలనివ్వకండి, లోహపు రేణువు లోపలికి పోతే మందంతా పాడవుతుంది. కాగితం మీద పోసుకున్నది మిగిలితే తిరిగి సీసాలో పోయకండి. బిగించాక పది, పదిహేను నిమిషాల్లో పట్టుకుంటుంది కానీ పూర్తి బలం రావడానికి 24 గంటలు. శనివారం పొద్దున బిగించి ఆదివారం ఎగరేస్తాను. బయటికి కారింది మర్నాటికి కూడా తడిగానే ఉంటుంది, మందు పని చేయలేదని కంగారు పడొద్దు, దానికి గాలి తగులుతోంది కాబట్టి తడి, తుడిచేయండి.

సరిగ్గా పట్టిందో లేదో విప్పినప్పుడు తెలుస్తుంది. మొన్న బేరింగులు మార్చడానికి ఇంజిన్ దించాను. అలెన్ కీ మీద బలం పెడితే మొదట కదల్లేదు, తర్వాత "టక్" మని విడిచింది, చివరిదాకా కొంచెం కొంచెం పట్టుకుంటూనే బయటికి వచ్చింది. మరల మధ్య తెల్లటి నీలం పొడి, గోటితో గీకితే రాలింది. నాలుగింటికి నాలుగూ అలాగే. అక్కడ తడి నీలం కనిపిస్తే మాత్రం ఆ రోజు నూనె సరిగ్గా తుడవలేదని అర్థం.

అన్ని చోట్లా పూయడానికి ఇది పసుపు కాదు. సైలెన్సర్ బోల్టుల దగ్గర దీన్ని నమ్ముకోవద్దు, 180 డిగ్రీల వరకే దీని హద్దు, పొగ గొట్టం మొదట్లో ఆ వేడికి పట్టు సడలిపోవచ్చు. వాటిని మొదటి ట్యాంకు అయ్యాక ఒకసారి బిగించి, ఆ తర్వాత ప్రతి ఆదివారం చూసుకోవడం తప్ప మార్గం లేదు. ప్లాస్టిక్‌కు తగలనివ్వొద్దు, కొన్ని రకాలు పగుళ్లు తీస్తాయి. నైలాన్ ఉన్న లాక్ నట్లకు అసలు అక్కర్లేదు. రెండు మిల్లీమీటర్ల సన్న స్క్రూలకు ఊదా రంగు 222 మేలు. ఇక ఎర్ర రంగు 271 గట్టిదని మా బావమరిది తన మెషీనుకు వేశాడు, విప్పాల్సిన రోజు అలెన్ కీ బోల్టు తలలో గుండ్రంగా తిరిగింది, చివరికి డ్రిల్లు పెట్టాల్సి వచ్చింది. దాన్ని విప్పాలంటే 250 డిగ్రీల వేడి కావాలి. నీలం మొండికేస్తే సోల్డరింగ్ ఐరన్ మొనను బోల్టు తల మీద ఒక నిమిషం ఆనిస్తే చాలు.

ధర మొదట ఎక్కువే అనిపిస్తుంది. 10 మిల్లీలీటర్లది తీసుకోండి, ఆవగింజంత వాడకానికి అదే చాలా కాలం వస్తుంది. ఆన్‌లైన్‌లో ఒకసారి సగం ధరకు వస్తోందని తెప్పించాను, లేబుల్ అచ్చం అదే, లోపల నీళ్లలాంటి మందు, రెండు రోజులైనా బోల్టులో గట్టిపడలేదు. అప్పటి నుంచి బేరింగుల షాపులోనే, లాట్ నంబరూ గడువు తేదీ చూసి, బిల్లు అడిగి తీసుకుంటున్నాను. ఇంట్లో ఎండ తగలని చోట పెట్టండి, వేసవిలో కారు డిక్కీలో వదిలేయకండి.

ఇంకో చిన్న పని కూడా చేస్తున్నాను. బిగించాక బోల్టు తల మీది నుంచి మౌంటు మీదికి తెల్ల పెయింట్ పెన్నుతో ఒక గీత. గీత విరిగితే బోల్టు తిరిగినట్టే, పానా కూడా పట్టక్కర్లేదు, టార్చి వేస్తే తెలిసిపోతుంది. నిన్న పొద్దున స్టార్టు చేసే ముందు చూశాను, నాలుగు గీతలూ గీసినవి గీసినట్టే ఉన్నాయి.