మిద్దెతోటకు తొమ్మిదేళ్ళు: కాటా చెప్పిన లెక్క

2016 జూన్‌లో, మృగశిర కార్తె వచ్చిన వారానికి, విశాఖపట్నం పెదవాల్తేరులోని మా డాబా మీద నలభై సంచులతో మిద్దెతోట మొదలుపెట్టాను. కూరగాయలకు బజారు మీద ఆధారపడకుండా బతకాలన్నది అప్పటి నా ఉద్దేశం. రెండేళ్ళు తిరిగేసరికి రైతుబజారుకు వెళ్ళే పని ఉండదని ఇంట్లో గట్టిగానే ప్రకటించాను. పద్మనాభం వైపు పల్లెలో వ్యవసాయం చేసుకునే ఇంట్లో పుట్టిన మా అత్తయ్య మాత్రం, "మన్ను ఎంతుంటే పంట అంతే కదమ్మా" అని ఒక్క మాట అని ఊరుకున్నారు. తొమ్మిదేళ్ళ తర్వాత ఈ సమీక్ష రాయడానికి కూర్చుంటే, నా ప్రకటన కంటే ఆవిడ మాటే లెక్కకు దగ్గరగా నిలిచిందని ఒప్పుకోవలసి వస్తోంది.

లెక్క అని ఊరికే అనడం లేదు. బ్యాంకులో ముప్పయ్యేళ్ళు పనిచేసిన అలవాటు వల్ల, 2017 జనవరి నుంచి డాబా మీద కోసిన ప్రతి ఆకునూ కాయనూ వంటింటి కాటా మీద తూచి డైరీలో రాస్తూ వచ్చాను. ఎంత కావాలన్న దానికి కూడా ఒక కొలత ఉండాలి కాబట్టి, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార మార్గదర్శకాలను ఆధారంగా తీసుకున్నాను. మనిషికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు ఉండాలని అందులో ఉంది. మేము నలుగురం కనుక రోజుకు 1,600 గ్రాములు, ఏడాదికి 584 కిలోలు అవుతుంది. మా తోట అన్నిటికంటే బాగా పండిన 2022లో వచ్చిన మొత్తం దిగుబడి 214 కిలోలు. ఎనిమిదేళ్ళ సగటు తీస్తే ఏడాదికి 160 కిలోలు మాత్రమే. అంటే మంచి ఏడాదిలో మా అవసరంలో మూడో వంతు కంటే కొంచెం ఎక్కువ, మామూలు ఏడాదిలో నాలుగో వంతు కంటే కొంచెం ఎక్కువ. ఉల్లిపాయ, బంగాళాదుంప, క్యారెట్, క్యాబేజీ నేను వేయనే లేదు. ఈ సంచుల్లో వాటిని కుటుంబానికి సరిపడా పండించడం అయ్యే పని కాదు.

అయితే ఈ మొత్తం అంకె తోటకు కొంత అన్యాయం చేస్తుంది, ఎందుకంటే అన్ని పంటలూ ఒకే తీరుగా నడవవు. 2022 నాటి 214 కిలోల్లో ఆకుకూరలు 70 కిలోలు. దొండ, ఆనప, బీర కలిపి 80. వంకాయలు 22, చిక్కుడు 16, బెండ 14, టమాటా 8, పచ్చిమిర్చి 4. ఆకుకూరల వరకు మేము నిజంగానే స్వయంసమృద్ధులం. ఏడేళ్ళుగా తోటకూర గాని గోంగూర గాని బచ్చలి గాని డబ్బు పెట్టి కొన్నది వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. తోటకూర విత్తిన ఇరవై అయిదు, ముప్పై రోజులకు కోతకు వస్తుంది కనుక వారానికొక పెట్టె చొప్పున వరుసగా విత్తుకుంటూ పోతే తెగకుండా దొరుకుతుంది. గోంగూరను వేళ్ళతో సహా పీకకుండా జానెడు ఎత్తున కోస్తే మళ్ళీ చిగురిస్తుంది. బచ్చలి తీగకైతే నేను చేసిన సేవ దాదాపు ఏమీ లేదు. కరివేపాకును తూకంలోకి తీసుకోలేదు గాని, ఒక్క చెట్టు మా ఇంటికీ ఇరుగుపొరుగు మూడిళ్ళకూ సరిపోతోంది.

కాయగూరల్లో నా సిఫారసు దొండకే. విత్తనంతో పని లేదు. పెన్సిలంత లావున్న కాండం ముక్కను నాటితే పాకుతుంది, ఏడాది పొడుగునా కాస్తుంది, ఏడాదికొకసారి మోడుకు కత్తిరిస్తే మళ్ళీ కొత్తగా లేస్తుంది. రెండే పాదులు మాకు వారానికి ఒకసారి కూరకు లోటు లేకుండా చూస్తున్నాయి.

ఆనప, బీర విషయంలో మొదటి రెండేళ్ళు నేను మోసపోయాను. పిందెలు బొటనవేలంత పెరిగి, పసుపుబారి, రాలిపోయేవి. ఎరువు చాలక అనుకుని మరింత వేశాను. తీగ బలిసింది గాని కాయ నిలవలేదు. అసలు కారణం ఎరువు కాదు, పరాగం అందకపోవడం. ఈ జాతిలో ఆడపువ్వు, మగపువ్వు వేరువేరుగా పూస్తాయి. పువ్వు అడుగున చిన్న పిందె ఉంటే అది ఆడది. బీరపువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది, ఆనప పువ్వు చీకటి పడే వేళకు తెల్లగా విచ్చుకుంటుంది, కాకర తెల్లవారుజామున పూస్తుంది. చుట్టూ అపార్టుమెంట్లు లేచిన వీధిలో రెండో అంతస్తు డాబా మీదికి ఆ వేళప్పుడు తేనెటీగ గాని రెక్కల పురుగు గాని రావడం అరుదు. అప్పటినుంచి సాయంత్రం ఆరున్నరకు మగపువ్వును కోసి, రేకులు తీసేసి, దాని పుప్పొడిని ఆడపువ్వు మధ్యలో రాయడం నా దినచర్యలో చేరింది. ఆ ఒక్క పనితో పాదుకు నాలుగు కాయలు కాసే చోట పద్నాలుగు నిలిచాయి. తొమ్మిదేళ్ళలో నేను పెట్టిన ఏ ఖర్చూ ఇవ్వని ఫలితం ఇది.

చిక్కుడు ఇంకొక పాఠం నేర్పింది. పందిరి చిక్కుడు పగటి పొద్దు తగ్గితే గాని పూయదు. సంక్రాంతి తర్వాత ఉత్సాహపడి విత్తిన పాదు ఆరేడు నెలలు పందిరంతా ఆక్రమించి ఒక్క కాయ ఇవ్వలేదు. ఆషాఢంలో విత్తుకుంటే కార్తీకానికి పూతకు వచ్చి మాఘం దాకా కాస్తుంది.

టమాటా మాత్రం విశాఖలో డాబా మీద నిరాశే మిగిల్చింది. రాత్రి వేడి తగ్గకపోతే దాని పూత నిలవదు. మన ఊళ్ళో సముద్రపు తేమ వల్ల రాత్రిళ్ళు చల్లబడేది నవంబరు నుంచి ఫిబ్రవరి దాకానే. ఆ నాలుగు నెలల్లోనే బజారులో కూడా టమాటా చవగ్గా దొరుకుతుంది కనుక, ధర మండిపోయే వేసవిలో మన తోట ఆదుకుంటుందన్న ఆశ తీరదు. బెండది మరొక ఇబ్బంది. నలుగురికి ఒక పూట కూరకు అరకిలో కావాలంటే ఒకే ఈడు మొక్కలు ఇరవై అయిదు ఉండాలి. అయిదారు మొక్కలు పెట్టుకుంటే రోజుకు మూడు కాయలు వచ్చి, అవి పోగయ్యేలోపు మొదటివి ముదిరిపోతాయి. పైగా తెల్లదోమ మోసుకొచ్చే, ఆకులు పసుపుబారే పల్లాకు తెగులు. బెంగళూరు ఉద్యాన పరిశోధనా సంస్థవారి అర్క అనామిక రకం వేసినప్పటి నుంచి ఆ తెగులు బాగా తగ్గింది.

ఇక సరంజామా సంగతి. ఈ ఊళ్ళో మిద్దెతోట పెట్టేవారికి నా మొదటి హెచ్చరిక ఉప్పుగాలి గురించి. తొమ్మిది వేల రూపాయలు పెట్టి వేయించిన ఇనుప పందిరి సముద్రపు గాలికి నాలుగేళ్ళలో పొట్టు రాలినట్టు రాలిపోయింది. రంగు రెండుసార్లు వేయించినా ఆగలేదు. ఇప్పుడు వెదురు బొంగులూ నైలాను తాడుతో కట్టిన పందిరి ఉంది. అది రెండేళ్ళకొకసారి మార్చుకోవలసినదే గాని, మూడో వంతు ఖర్చుతో పోతుంది. నలభై సంచుల్లో నాలుగో ఏడు దాటినవి ఆరు. మిగిలినవన్నీ ఎండకు పొడిబారి, ఎత్తబోతే చేతికి ముక్కలుగా వచ్చాయి. వాటి స్థానంలో ఇరవై లీటర్ల పాత రంగు బకెట్లు పెట్టాను. ఆకుకూరలకైతే ఫిషింగ్ హార్బరు దగ్గర చేపలు సర్దిన పాత థర్మకోల్ పెట్టెలకు మించినవి నాకు కనిపించలేదు: తేలిక, వేడి పట్టవు, అడుగున రంధ్రాలు సులువుగా పడతాయి. ఉప్పూ వాసనా పోయేదాకా నాలుగైదు నీళ్ళు కడిగి వారం ఎండబెట్టాలి. లేకపోతే వీధిలోని పిల్లులన్నీ తోట చూడటానికి వస్తాయి.

నీటిలో కూడా ఉప్పు ఉందన్నది ఆలస్యంగా తెలుసుకున్నాను. వేసవిలో మా బోరు నీరు ఉప్పదేలుతుంది. అది చాలనట్టు, వృథా ఎందుకని నీటిశుద్ధి యంత్రం బయటికి వదిలే నీటిని రెండేళ్ళు మొక్కలకు పోశాను. నీటిలోని లవణాలన్నీ ఆ వదిలేసే నీటిలోనే చేరతాయి కదా; మట్టి మీద తెల్లటి పొర కట్టి, ఆకుల అంచులు మాడాయి. ఇప్పుడు మొక్కలకు కుళాయి నీరే. రోహిణీ కార్తెలో రోజుకు నూట యాభై నుంచి రెండు వందల లీటర్లు పడుతుంది, అదీ పచ్చటి నీడవల కట్టిన తర్వాత. కుళాయి నీటికి కటకటగా ఉండే వీధుల వారు ఈ అంకెను ముందుగా ఆలోచించుకోవాలి.

బరువు గురించి నాకు బుద్ధి చెప్పింది 2021 సెప్టెంబరు. గులాబ్ తుపాను 26వ తేదీ రాత్రి కళింగపట్నం దగ్గర తీరం దాటినప్పుడు విశాఖలో కుండపోతగా కురిసింది. సంచుల నుంచి కొట్టుకొచ్చిన కొబ్బరి పొట్టు డాబా మీది తూముకు బిరడాలా అడ్డుపడటంతో, తెల్లవారి మేము పైకి వెళ్ళేసరికి డాబా చెరువై ఉంది. తొమ్మిది వందల చదరపు అడుగుల మీద నాలుగు అంగుళాల నీరంటే మూడు వందల ఘనపుటడుగులు, అంటే దాదాపు ఎనిమిదిన్నర టన్నులు. ఎక్కి తిరిగే డాబాను సాధారణంగా చదరపు మీటరుకు 150 కిలోల అదనపు బరువుకు లెక్కగడతారని మాకు తెలిసిన ఇంజనీరుగారు చెప్పారు. ఆ నీటి బరువే చదరపు మీటరుకు 100 కిలోలు, దాని మీద తడిసిన సంచులు. నడుముదాకా వంగి చేతులతో తూము ఖాళీ చేసిన ఆ అరగంట ఇప్పటికీ గుర్తే. ఆ తర్వాత తూముకు జాలీ బిగించాం, బరువైన తొట్లన్నీ దూలాల మీదికి, గోడల వారకు జరిపాం, అన్నిటికీ కింద ఇటుకలు పెట్టి నీరు పారే దారి వదిలాం. ఇటుకలు లేని రోజుల్లో పడకగది పైకప్పుకు చెమ్మ దిగి, దాన్ని బాగుచేయించడానికి పద్దెనిమిది వేలు అయ్యాయి. ఇది తోట ఖర్చులో రాయాలా ఇంటి ఖర్చులో రాయాలా అన్న వాదన మా ఇంట్లో తెగలేదు.

మట్టికి మేము ఎర్రమట్టి, మాగిన గత్తం (పశువుల ఎరువు), కొబ్బరి పొట్టు సమపాళ్ళలో కలిపి, పిడికెడు వేపపిండి చేరుస్తాం. వంటింటి తొక్కలన్నీ రెండు డ్రమ్ముల్లో ఎరువవుతున్నాయి. జీవామృతం మాత్రం మూడుసార్లతో ఆపేశాను. ఇరవై లీటర్ల నీటికి కిలో పేడ, లీటరు గోమూత్రం, రెండు వందల గ్రాముల చొప్పున బెల్లం, శనగపిండి, గుప్పెడు మట్టి కలిపి నలభై ఎనిమిది గంటలు ఉంచాలి. మొక్కలు దానికి బాగానే స్పందించాయి; పక్కింటి వారు బాగా స్పందించలేదు. పురుగులకు పులిసిన మజ్జిగ, వేపనూనె, పండు ఈగకు క్యూలూర్ అనే వాసన మందు పెట్టిన ఎర బుట్ట సరిపోతున్నాయి. వంగలో కొమ్మ తొలిచే పురుగుకు, వాడిన చివళ్ళను కనిపించిన రోజే తుంచి కాల్చేయడం తప్ప వేరే మందు నేను వాడలేదు. పిండినల్లికి మాత్రం మందారంతో సహా రెండు వంగ మొక్కలను ఏటా సమర్పించుకుంటూనే ఉన్నాను.

డబ్బు లెక్క సూటిగా చెబుతాను. మొదటి పెట్టుబడి ఇరవై ఆరు వేలు. ఏటా గత్తం, విత్తనాలు, పిండి, విరిగినవాటి మార్పిడి కలిపి ఆరున్నర వేలు. సగటున 160 కిలోలను కిలో నలభై రూపాయల చొప్పున లెక్కేసినా 6,400. రోజుకు గంట శ్రమకు కూలి వేసుకోకుండానే సరికి సరి. ఆదా కోసం మొదలుపెట్టేవారికి ఇది తగిన పని కాదు.

మరి ఎందుకు కొనసాగిస్తున్నానంటే, 2020 వేసవి ఒక కారణం. లాక్‌డౌనులో రైతుబజార్లను మైదానాల్లోకి మార్చి, గీతలు గీసి వరుసలో నిలబెట్టిన రోజుల్లో, ఎనభై దాటిన అత్తయ్యను ఇంట్లో పెట్టుకుని బయటికి వెళ్ళడానికి జంకుతున్నప్పుడు, వారానికి ఒక్కసారి వెళ్ళి ఉల్లిపాయలూ దుంపలూ తెచ్చుకుంటే మిగతా పప్పుకూరలు, పులుసుకూరలు డాబా నడిపించింది. రెండో కారణం రుచి. కోసిన పావుగంటకు పొయ్యి మీదికి వెళ్ళిన బచ్చలికీ, సంచిలో నలిగి వచ్చిన బచ్చలికీ తేడా కాటాకు అందదు.

ఈ ఏడాది తోటను కుదించాను. టమాటాకు కేటాయించిన ఎనిమిది బకెట్లూ ఖాళీ చేసి మట్టిని ఎండబెట్టాను. బెండ పూర్తిగా మానేశాను. ఆదివారం ఎంవీపీ కాలనీ రైతుబజారుకు ఇప్పటికీ వెళ్తున్నాను, కాకపోతే రెండు సంచుల చోట ఒకటే పట్టుకెళ్తున్నాను. ఆ ఎనిమిది బకెట్లలో ఆషాఢం రాగానే చిక్కుడు పెడదామని అత్తయ్య అన్నారు. నాలుగింటిలోనే పెట్టి, మిగతా నాలుగూ దొండకు వదలమని నేనంటున్నాను.