పాంక్రియాటైటిస్ నొప్పికి మళ్లీ స్టెంటా, ఆపరేషనా?

నాకు పాంక్రియాటైటిస్‌కి, అంటే పాంక్రియాస్ (క్లోమం) వాచే జబ్బుకి, ఆపరేషన్ అయ్యి పద్నాలుగు నెలలైంది. అప్పటినుంచి ఎవరెవరో నంబరు కనుక్కుని ఫోన్ చేస్తున్నారు. అందరిదీ ఒకటే ప్రశ్న: ఇంకో స్టెంట్ (నాళం మూసుకోకుండా లోపల పెట్టే సన్నని గొట్టం) వేయించుకోమంటారా, కడుపు కోయించుకోమంటారా? ప్రతిసారీ గంటసేపు చెప్పే బదులు ఇక్కడ రాసి పెడుతున్నాను. నేను డాక్టర్ని కాదు, ఎనిమిదేళ్లు ఈ నొప్పితో ఉన్నవాణ్ణి.

ముందు ఒక ఉక్రోషం తీర్చుకోనివ్వండి. నేను చుక్క ముట్టినవాణ్ణి కాదు. అయినా ఈ జబ్బు పేరు వినగానే మా ఆవిడని పక్కకి పిలిచి "బాగా తాగేవాడా అమ్మా?" అని అడిగిన చుట్టాలున్నారు. మందు వాసనే ఎరగని కుర్రాళ్లకి కూడా పాంక్రియాస్ రసం పారే నాళంలో రాళ్లు పేరుకునే రకం మన దక్షిణాదిలో ఎప్పటినుంచో ఉంది. సిగరెట్ మాత్రం కాల్చేవాణ్ణి, మానేశాను. మీరు ఏ దారి ఎంచుకున్నా అది మానాల్సిందే.

మొదట నాది స్టెంట్ దారే. లిథోట్రిప్సీతో, అంటే ఒంటి బయటినుంచి పంపే షాక్ తరంగాలతో రాయిని పొడి చేసి, ఎండోస్కోపీతో (నోట్లోంచి దించే కెమెరా గొట్టంతో) ఆ పొడి తీసి, నాళంలో స్టెంట్ పెడతారు. కోత లేదు, రెండు రోజుల్లో ఇంటికి. ఇందులో మనవాళ్లు ఘనులే. హైదరాబాద్‌లోని ఏఐజీ అనే జీర్ణకోశ వ్యాధుల ఆస్పత్రి డాక్టర్లు 2010లోనే వెయ్యిమందికి పైగా రోగుల ఫలితాలు ప్రచురించారు. నాకు మాత్రం ప్రతి స్టెంట్ తర్వాత రెండు నెలలు బాగుండేది. ఆ తర్వాత మళ్లీ రాత్రి రెండింటికి మంచం మీద ముందుకి వంగి, కడుపుకి దిండు అదుముకుని, వీపులోకి దూసుకుపోయే ఆ పోటు తగ్గేదాకా గోడ గడియారం చూస్తూ కూర్చోవడమే. అలా నాలుగు స్టెంట్లు మార్చారు.

తర్వాత చేయించుకున్నది ఫ్రే ఆపరేషన్. పాంక్రియాస్‌లో ఉబ్బిన తల భాగాన్ని (చిన్నపేగుకి ఆనుకుని ఉండే వెడల్పాటి కొస) కొంత తొలిచి, నాళాన్ని నిలువునా తెరిచి, చిన్నపేగు ముక్కని దానికి కుడతారు. తీసిన రాళ్లని డాక్టరుగారు చిన్న డబ్బాలో మా ఆవిడకి చూపించారట. తెల్లగా, పాలపళ్లలా ఉన్నాయంది. తొమ్మిది రోజులు ఆస్పత్రిలో ఉన్నాను. మొదటి నాలుగు రోజుల గురించి అడక్కండి.

నా లెక్కలో అసలు విషయం ఆపరేషన్ పేరు కాదు, ఎప్పుడు చేయించుకున్నామన్నది. నొప్పి ఏళ్ల తరబడి సాగితే నరాలకీ మెదడుకీ అది అలవాటైపోతుంది. అప్పుడు నాళం బాగుచేసినా నొప్పి పూర్తిగా వదలదు. నెదర్లాండ్స్ వాళ్లు ఈ రెండు దారుల్నీ పక్కపక్కన పెట్టి చూశారు. 2007లో వచ్చిన చిన్న అధ్యయనంలో ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో 75 శాతం మందికి నొప్పి పూర్తిగానో కొంతో తగ్గింది. ఎండోస్కోపీ వాళ్లలో 32 శాతమే. ఐదేళ్లయ్యేసరికి ఆ ఎండోస్కోపీ గుంపులో దాదాపు సగం మంది ఆపరేషన్‌కే వచ్చారు. 2020లో 88 మందితో చేసినదాంట్లో తొందరగా ఆపరేషన్ చేస్తే నొప్పి తక్కువని తేలింది. జీవన నాణ్యతలో మాత్రం పెద్ద తేడా కనిపించలేదు, అదీ చెప్పాలి. ఇంకో సంగతి: ఎండోస్కోపీతో నాళం పూర్తిగా శుభ్రమైనవాళ్లు ఆపరేషన్ వాళ్లతో సమానంగానే ఉన్నారు.

అందుకే స్టెంట్ వద్దని అనను. రాళ్లు కొద్దిగా ఉండి, తల భాగంలోనే ఉండి, నొప్పి కొత్తదైతే ముందు అదే చూడండి. మత్తు ఇవ్వడం ప్రమాదమన్నవాళ్లకీ అదే నయం. కానీ గడువు పెట్టుకోండి. 2018 నాటి యూరప్ ఎండోస్కోపీ డాక్టర్ల మార్గదర్శకాలే 6-8 వారాల్లో ఫలితం చూసి, సరిగా లేకపోతే ఆపరేషన్ సంగతి ఆలోచించమంటున్నాయి. నేను "ఇంకొక్కసారి చూద్దాం" అనుకుంటూ మూడేళ్లు లాగాను. ఈలోపు ట్రమడాల్ అనే గట్టి నొప్పి మందు లేనిదే నిద్ర పట్టేది కాదు.

ఆపరేషన్‌తో అన్నీ పోతాయనుకోకండి. తిండి అరగడానికి ఎంజైమ్ క్యాప్సూళ్లు ఇప్పటికీ ప్రతి భోజనంతో వేసుకుంటున్నాను. షుగర్ అలాగే ఉంది. నొప్పి కూడా నెలకోసారి పలకరించి పోతుంది, కాకపోతే పారాసిటమాల్‌కి లొంగుతుంది.

మిగతావి క్లుప్తంగా. పాంక్రియాస్ తల భాగంలో క్యాన్సర్ అనుమానం ఉంటే ఆ భాగాన్నే తీసేసే విప్పుల్ ఆపరేషన్ చేయించుకోమంటారు. నరాలకిచ్చే బ్లాక్ ఇంజెక్షన్ కొన్ని నెలల ముచ్చట. పాంక్రియాస్ మొత్తం తీసేసి, ఇన్సులిన్ కణాల్ని కాలేయంలోకి ఎక్కించే పద్ధతి 1977లో మిన్నెసోటాలో మొదలైంది. అది చాలా కొద్దిమందికే.

ఇకమీదట ఫోన్ చేసేవాళ్లు ఎమ్మార్‌సీపీ (పాంక్రియాస్ నాళాన్ని చూపించే ఎమ్మారై స్కాన్) రిపోర్టు చేతిలో పెట్టుకుని చేయండి. నాళం ఎన్ని మిల్లీమీటర్లుంది, తల భాగం ఉబ్బిందా అన్నది అందులోనే ఉంటుంది. నాళం సన్నగా ఉంటే నా అనుభవం మీకు పెద్దగా పనికిరాదు.