ఖాళీగా వదిలిన ఎడమ పేజీ: సమీక్షల నోట్‌బుక్‌తో ఇన్నేళ్ళ అనుభవం

మా ఆరు ఇళ్ళ మధ్య తిరిగే పుస్తక సమీక్షల నోట్‌బుక్‌ను 2017 జూన్ నుంచి వాడుతున్నాను. అది ఏ దుకాణంలోనైనా దొరికే 200 పేజీల రూళ్ళ నోట్‌బుక్కే కనుక కాగితం గురించీ అట్ట గురించీ చెప్పవలసిందేమీ లేదు. చదివిన పుస్తకం మీద ఒకరు కుడి పేజీలో రాస్తారు. ఎదురుగా ఉన్న ఎడమ పేజీని మిగిలినవారి కోసం ఖాళీగా వదులుతారు. నేను చెప్పదలచుకున్నదంతా ఆ ఎడమ పేజీ గురించే.

తిరుపతి ఎం.ఆర్.పల్లిలోని మా ఇంట్లో బయలుదేరిన నోట్‌బుక్ కె.టి.రోడ్డు, భవానీనగర్, కోర్లగుంట తిరిగి మళ్ళీ నా చేతికి రావడానికి నెలన్నర పడుతుంది. వచ్చిన రోజు ఇంకే పని ఉన్నా పక్కన పెట్టి, నా సమీక్షకు ఎదురుగా ఎవరేమి రాశారో చూస్తాను. పల్లెటూరి బళ్ళలో పాఠాలు చెబుతూ చిత్తూరు జిల్లా జీవితాన్ని కథల్లోకి తెచ్చిన మధురాంతకం రాజారాంగారి కథలు, 1993లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన సంపుటం, చదివి నేను మొదటి ఏడాదే ఒక సమీక్ష రాశాను. పాకాల చుట్టుపక్కల బళ్ళలోనే పనిచేసి రిటైరైన మా అయ్యవారు దానికి ఎదురుగా ఇలా రాశారు: "ఆ పల్లెలను మీరు ప్రశాంతమైనవి అన్నారు. నాకు వాటిలో ప్రశాంతత కన్నా ఓర్పు ఎక్కువ కనిపించింది. వీలైతే మరొకసారి చదవండి." దాని కింద కోర్లగుంట అక్క, "అయ్యవారు చెప్పినది నిజమే కానీ, ఓర్చుకునేవాళ్ళ ఇల్లు బయటివాళ్ళకు ప్రశాంతంగానే కనిపిస్తుంది" అని చేర్చారు. నేను ఆ కథలు మళ్ళీ చదివాను. నా సమీక్షలో ఒక్క మాటా మార్చలేదు. మార్చవలసినది పక్క పేజీలో ఉండనే ఉంది.

అందుకే 2019లో ఒక స్నేహితుడికి రాసిన ఉత్తరంలో, సమీక్ష కన్నా దాని పక్కన పడే నాలుగు మాటలే గొప్పవని చెప్పాను. ఆ మాటను ఇప్పుడు కొంత సవరించుకోవాలి. ఎందుకు సవరించుకోవాలో చెప్పాలంటే 2021 నవంబరు 18వ తేదీ దగ్గరికి వెళ్ళాలి.

తిరుపతిలో ఉన్నవారికి ఆ వాన గురించి వివరించనక్కరలేదు. కపిలతీర్థం దగ్గర కొండ మీది నుంచి నీళ్ళు విరుచుకుపడ్డ ఆ రోజు రాత్రి మా వీధి కాలువై, కింది అంతస్తులో ఉన్న మా ఇంట్లోకి మోకాలి లోతు నీరు వచ్చింది. బియ్యం, పరుపులు, పిల్లల సర్టిఫికెట్లు పైకి చేర్చే తొందరలో బల్ల కింది అరలో ఉన్న నోట్‌బుక్ నాకు గుర్తు రాలేదు. మర్నాడు దాన్ని బయటకు తీసేసరికి తడిసిన రొట్టెలా బరువెక్కి ఉంది. ఎండలో పెడితే కాగితం వంకర్లు పోతుందని, పేజీల మధ్య తెల్ల కాగితాలు పెట్టి, అవి నీరు పీల్చుకున్నప్పుడల్లా మారుస్తూ, కరెంటు వచ్చాక ఫ్యాను కింద ఉంచి ఐదారు రోజులు ఆరబెట్టాను.

ఆరిన తరువాత చూస్తే కుడి పేజీల్లో అక్షరాలు లేవు, నీలి మరకలే ఉన్నాయి. ఎడమ పేజీలు మాత్రం దాదాపు చెక్కుచెదరలేదు. కారణం పెన్నుల్లో ఉంది. సమీక్ష అందంగా ఉండాలని అందరం జెల్ పెన్ను వాడేవాళ్ళం. మేము వాడిన ఆ జెల్ పెన్నుల సిరా నీటితో తయారైనది కనుక నీటిలోనే కరిగిపోయింది. ఎదుటి పేజీలో వ్యాఖ్య రాసేటప్పుడు చేతికి అందిన మామూలు బాల్ పెన్నుతో రాసేవాళ్ళం. దాని సిరా జిడ్డుగా ఉండి నీటిలో కలవదు. అలా 23 సమీక్షలు పోయి, వాటికి వచ్చిన జవాబులు మిగిలాయి.

తరువాతి నాలుగైదు నెలలు ఆదివారాలు కోర్లగుంట అక్క ఇంట్లో కూర్చుని, జవాబులను పట్టుకుని పోయిన సమీక్షలను తిరిగి రాయడానికి ప్రయత్నించాము. కేశవరెడ్డిగారి 'అతడు అడవిని జయించాడు' నవల మీద అక్క రాసిన రెండు పేజీల సమీక్షలో ఒక్క వాక్యం కూడా ఆమెకు గుర్తు లేదు. అయితే ఎదురుగా అయ్యవారి అక్షరాలు ఇలా ఉన్నాయి: "తప్పిపోయిన పందిని వెతుక్కుంటూ వెళ్ళిన ముసలివాడు అడవితో మాట్లాడుతున్నాడని మూడో వాక్యంలో అన్నారు. అతడు తన వయసుతో మాట్లాడుతున్నాడని నాకు అనిపించింది." దాని కింద నా మాట: "అయ్యవారు వయసు అంటున్నారు కానీ, మీరు చివర రాసిన ఆకలి సంగతి వదిలేయకూడదు." ఈ రెండూ చదివేసరికి అక్క కాసేపు మౌనంగా ఉండి, కాగితం తీసుకుని, ఆపకుండా ఒకటిన్నర పేజీ రాశారు. అది మొదటి సమీక్షే అని నేను అనలేను. కానీ మూడో వాక్యం, చివర ఆకలి, రెండూ వాటి చోట్లలోనే ఉన్నాయి. ఆ మధ్యాహ్నం నాకు కలిగిన సంతోషం ఏ కొత్త పుస్తకమూ ఇవ్వలేదు.

అన్ని సమీక్షలూ అలా తిరిగి రాలేదు. 23లో తొమ్మిదింటిని మాత్రమే నిలబెట్టగలిగాము. మిగిలిన వాటి పక్కన "చాలా చక్కగా రాశారు", "మీ శైలి బాగుంది", "తప్పక చదువుతాను" అన్న మాటలే ఉన్నాయి. ఒకరినొకరు నొప్పించకూడదని మొదట్లో పెట్టుకున్న నియమం మంచిదే. దాని వల్లనే ఇద్దరు బిడియస్తులు మాతో కలిసి రాయడం మొదలుపెట్టారు. కానీ రానురాను ఆ మర్యాద అలవాటై, పుస్తకం పేరు తీసేసి ఏ సమీక్ష పక్కన పెట్టినా సరిపోయే వ్యాఖ్యలు పెరిగాయి. వాటిలో చాలా వాటి కింద నా సంతకమే ఉండడం నాకు ఈనాటికీ బాధగానే ఉంది. నా సమీక్షలలో పూర్తిగా పోయిన ఒకదాని ఎదుట భవానీనగర్ చెల్లెమ్మ, "మీ అమ్మగారి గురించి రాసిన పేరా మా ఇంట్లోవాళ్ళకు చదివి వినిపించాను" అని రాసి ఉంది. ఏ పుస్తకం మీద రాస్తూ అమ్మను తలచుకున్నానో నాకు గుర్తు రాలేదు.

ఇప్పుడు మూడో నోట్‌బుక్ నడుస్తోంది. కుడి పేజీలోనూ బాల్ పెన్నే వాడుతున్నాము. వ్యాఖ్య రాసేవారు సమీక్షలోని ఒక వాక్యాన్నైనా ఉన్నదున్నట్లు ఎత్తి రాసి, ఆ తరువాతే తమ మాట చెప్పాలని అనుకున్నాము. దీని వల్ల వ్యాఖ్యలు తగ్గాయి. కొందరికి ఇది పరీక్ష రాసినట్లు ఉందట, ఆ ఇబ్బంది కూడా సరైనదే. వేచి ఉండడం రానివారికి నెలన్నర తిరుగుడు విసుగు పుట్టిస్తుంది. మా ఆరు ఇళ్ళూ స్కూటరు మీద పావుగంట దూరంలో ఉన్నాయి, మాలో నలుగురు రిటైరైనవారు. ఈ వెసులుబాటు లేనివారికి నేను ఇది తెచ్చుకోండి అని గట్టిగా చెప్పలేను. నా మట్టుకు నేను మానను. నిన్న సాయంత్రమే నోట్‌బుక్ ఇంటికి వచ్చింది. నా సమీక్షలోని నాలుగో వాక్యాన్ని ఎత్తి రాసి, అయ్యవారు దాని కింద పేజీ నిండా కాదన్నారు.